కేరళ కాయల్‌లో పడవ ప్రయాణం: పాత కట్టడాలు చూడాలంటే ఏ దారి మేలు?

కేరళ వెళ్తున్నామని చెప్పగానే చుట్టుపక్కలవాళ్ళు ముందుగా అనే మాట, "హౌస్‌బోట్ బుక్ చేసుకోండి" అని. మేమూ మొదటిసారి అదే చేశాం. మా అమ్మకి పాత గుళ్ళు, కోటలు, రాజుల కథలు అంటే ప్రాణం. బోటు మాట్లాడిపెట్టిన ఏజెంటు "దారిలో అన్నీ చూపిస్తారమ్మా" అన్నాడు. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కాం. సాయంత్రం ఐదున్నరకి బోటుని ఒక గట్టుకి కట్టేశారు. పొద్దున టిఫిన్ పెట్టి, ఇంకో గంట తిప్పి దింపేశారు. కాయల్ నీళ్ళు, అంటే సముద్రం పక్కనే ఉండే సరస్సులు, కాలువలు, బాగున్నాయి, చేపల వేపుడు బాగుంది. అమ్మ చూడాలనుకున్నది మాత్రం ఒక్కటీ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో "మళ్ళీ ఎప్పుడైనా వద్దాంలే" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

రెండోసారి వెళ్ళేముందు కూర్చుని అన్నీ చదివాను, ఫోన్లు చేసి కనుక్కున్నాను, దారి మార్చాను. ఈసారి అమ్మ కొచ్చి దగ్గరి పరవూరులో యూదుల ప్రార్థనాలయంలో అరగంట కూర్చుంది. అదే తికమకలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు ఇంట్లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి: మనకి కావలసింది నీళ్ళా, నీళ్ళ ఒడ్డున ఉన్న చరిత్రా? రెండూ అంటారు. అప్పుడు రెంటిలో ఏది తగ్గినా పర్వాలేదో అడగండి. పడవలో ఎక్కువసేపు కూర్చుంటే దిగి చూసే సమయం ఉండదు. ఎక్కువచోట్ల దిగితే ప్రయాణం ముక్కలు ముక్కలవుతుంది. నేను చూసిన ఏ ట్రిప్పూ ఈ రెంటినీ పూర్తిగా ఇవ్వలేదు.

తర్వాత చూడాల్సింది ఎక్కడం, దిగడం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పడవ ప్రయాణం హాయిగానే ఉంటుంది. కష్టమంతా జెట్టీ దగ్గరే. ఊగుతున్న పడవలోంచి మెట్టు మీదికి కాలు పెట్టాలి. ఒకసారైతే ఎవరైనా చెయ్యి పట్టుకుంటారు. అదే రోజుకి ఐదారుసార్లంటే పెద్దవాళ్ళు అలిసిపోతారు.

మూడోది వారం. దీన్ని చాలామంది పట్టించుకోరు. పరవూరు వైపు మ్యూజియాలు సోమవారం మూసేస్తారు. కొచ్చిలోని మట్టాంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. అక్కడి యూదుల ప్రార్థనాలయం శనివారం తెరవరు, శుక్రవారం కూడా రోజంతా తెరిచి ఉండదు. "వీకెండ్ కదా" అని శుక్ర, శనివారాల్లో మట్టాంచేరి పెట్టుకుంటే సగం తలుపులు మూసే ఉంటాయి.

ఇక కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి వానలు. కాయల్ మీద వాన చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ తడిసిన మెట్లు జారతాయి, ఒక్కోరోజు బోట్లు ఆపేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతకి మధ్యాహ్నం కోటల చుట్టూ తిరగడం పిల్లలకీ కష్టమే.

ఖర్చు సంగతి ఒక్కో దారి దగ్గర చెప్తాను, ఎందుకంటే తేడా మామూలుగా లేదు. ఒకచోట ఇరవై రూపాయలతో పని అయిపోతుంది, ఇంకోచోట పదివేలు దాటుతుంది.

ముజిరిస్ దారి: పరవూరు, కొడుంగల్లూరు చుట్టూ

నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

ముజిరిస్ అంటే రెండు వేల ఏళ్ళ కిందటి రేవు. తమిళ సంగం కవులు ముచిరి అన్నారు. యవనుల (గ్రీకు, రోమన్ వర్తకుల) ఓడలు బంగారంతో వచ్చి మిరియాలతో వెళ్ళేవని ఆ పాటల్లో ఉంది. ఈ రేవు నుంచి అలెగ్జాండ్రియాకి సరుకు తీసుకెళ్ళడానికి సంబంధించిన రెండో శతాబ్దపు అప్పు పత్రం ఒకటి పపైరస్ మీద రాసింది దొరికింది. ఇప్పుడది వియన్నాలో ఉంది. పరవూరు దగ్గర పట్టణం అనే పల్లెలో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో రోమన్ మద్యం జాడీల ముక్కలు, పూసలు, ఒక పాత దోనె బయటపడ్డాయి. ముజిరిస్ అక్కడే ఉండేదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

కేరళ ప్రభుత్వం ముజిరిస్ హెరిటేజ్ ప్రాజెక్టు పేరుతో ఈ చుట్టుపక్కల కట్టడాలను బాగుచేసి, జెట్టీలు కట్టి, వాటి మధ్య బోట్లు నడుపుతోంది. ఒక జెట్టీలో దిగి, చూసి, మళ్ళీ బోటెక్కి తర్వాతి చోటికి వెళ్ళడం ఇక్కడి పద్ధతి. చిన్న బోట్లు, ఇరుకు కాలువలు, ఒడ్డున చీనా వలలు, కొబ్బరి పీచు నానబెట్టిన వాసన. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్ళడానికి ఎక్కువసేపు పట్టదు.

చూసేవాటిలో ముందు పరవూరు యూదుల ప్రార్థనాలయం. ఇప్పుడున్న కట్టడం పదిహేడో శతాబ్దం మొదట్లోది. వీధి వైపు గేటు ఇల్లు, అక్కడి నుంచి లోపలి హాలు దాకా కప్పు ఉన్న పొడుగాటి నడవ. లోపల కేరళ యూదుల చరిత్ర చెప్పే మ్యూజియం ఉంది. 1948 తర్వాత, ముఖ్యంగా 1950లలో, ఇక్కడివాళ్ళలో దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. వందల ఏళ్ళు కాపురమున్న ఊరిని వదిలి వెళ్ళిన మనుషులు. ఆ ఖాళీ హాల్లో కూర్చుంటే అది తెలుస్తుంది. అమ్మ అరగంట కూర్చుంది అన్నది ఇక్కడే.

తర్వాత చేందమంగలం. కొచ్చిన్ రాజుల దగ్గర తరతరాలుగా ప్రధానులుగా పనిచేసిన పాలియత్ అచ్చన్‌ల ఊరు. వాళ్ళ పాలియం కోవిలకం డచ్చివాళ్ళ చేతి పని కనిపించే భవనం. పక్కనే నాలుకెట్టు, అంటే మధ్యలో ముంగిలి వదిలి నాలుగు వైపులా కట్టిన ఇల్లు, మన మండువా లోగిలి లాంటిది. ఇంట్లో ఆడవాళ్ళు అందులో ఉండేవాళ్ళు. ఇదే ఊళ్ళో ఇంకో యూదుల ప్రార్థనాలయం ఉంది. దాని ముందు 1269 నాటి సమాధి రాయి ఉంది, హీబ్రూ అక్షరాలతో. మన దేశంలో దొరికిన హీబ్రూ రాతల్లో అదే అతి పాతది. గుడి, చర్చి, మసీదు, యూదుల ప్రార్థనాలయం నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్న ఊరు ఇది. చేనేతకీ పేరున్న ఊరు. 2018 వరదల్లో ఇక్కడి మగ్గాలు చాలావరకు నీట మునిగాయి. కసవు (జరీ అంచు) చీర కొనాలనుకుంటే ఎర్నాకుళం షోరూముల దాకా ఆగకుండా ఇక్కడి సొసైటీలోనే కొనండి.

కొడుంగల్లూరు వైపు చేరమాన్ జుమా మసీదు ఉంది. క్రీ.శ. 629లో కట్టారని స్థానికుల నమ్మకం. లోపల వేలాడే ఇత్తడి దీపానికి అన్ని మతాలవాళ్ళూ నూనె తెచ్చి పోస్తారు. వైపిన్ దీవి ఉత్తరపు కొసన పళ్ళిప్పురం కోట ఉంది. 1503లో పోర్చుగీసువాళ్ళు కట్టినదని చెప్తారు. ఆరు మూలల చిన్న కోట. దీన్నీ, కొడుంగల్లూరు కోటనీ 1789లో డచ్చివాళ్ళు తిరువాంకూరు రాజుకి అమ్మేశారు. టిప్పు సుల్తాను దాన్ని ఒప్పుకోలేదు. ఆ గొడవే మూడో మైసూరు యుద్ధం దాకా పోయింది. కొడుంగల్లూరు కోటలో మిగిలింది కొద్దిగా గోడలే, పెద్ద కోటని ఊహించుకుని వెళ్ళకండి.

చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. 1917లో కులాలన్నీ కలిపి ఒకే పంక్తిలో భోజనం పెట్టించిన మనిషి ఆయన. ఇక్కడికి చాలామంది రారు. వీలైతే వెళ్ళండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒక రోజులో అన్నీ చూడలేం. మూడు చోట్లు అనుకుంటే తృప్తిగా చూడొచ్చు, ఐదంటే పరుగే. జెట్టీల దగ్గర భోజనం హోటళ్ళు తక్కువ. బోట్లు మనం వెళ్ళగానే సిద్ధంగా ఉండవు, ముందురోజు ఫోన్ చేసి ఆ రోజు ఏ జెట్టీలు కలుస్తాయో కనుక్కుని బుక్ చేసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: కేరళలో పరవూరులు రెండున్నాయి. రైల్వే స్టేషన్ ఉన్న పరవూరు కొల్లం జిల్లాలోది. మీరు వెళ్ళాల్సింది ఎర్నాకుళం జిల్లాలోని నార్త్ పరవూరు. దానికి అలువా స్టేషన్‌లో దిగాలి. కొచ్చి విమానాశ్రయం నుంచి కూడా దగ్గరే.

కొచ్చి దారి: ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి

దీనికి ప్యాకేజీ అక్కర్లేదు. ఎర్నాకుళం జెట్టీ నుంచి ప్రభుత్వ ప్యాసింజర్ బోట్లు తిరుగుతూనే ఉంటాయి, టికెట్టు చాలా చవక. కాస్త సౌకర్యం కావాలంటే 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో ఉంది. ఏసీ ఉన్న కరెంటు బోట్లు, కనీస టికెట్టు 20 రూపాయలతో మొదలైంది. నీటి మట్టం పెరిగినా తగ్గినా జెట్టీ కూడా బోటుతో పాటు సమంగా ఉంటుంది. అందుకే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా ఎక్కగలరు. నడవలేని పెద్దవాళ్ళుంటే ఈ ఒక్క కారణంతోనే కొచ్చి ఎంచుకోవచ్చు.

చరిత్రకి ఇక్కడ కొదవలేదు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కోడగామా సమాధి గుర్తు ఉంది. 1524లో కొచ్చిలోనే చనిపోయాడు, తర్వాత అవశేషాలను లిస్బన్ తీసుకెళ్ళారు. మట్టాంచేరి ప్యాలెస్‌ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టింది పోర్చుగీసువాళ్ళు, సుమారు 1555లో. డచ్చివాళ్ళు 1663లో బాగుచేయించారు. లోపలి రామాయణ కుడ్యచిత్రాలు తప్పక చూడాల్సినవి. పిల్లలకి కథ తెలుసు కాబట్టి బొమ్మ బొమ్మకీ ఆగి "ఇది ఏ ఘట్టం?" అని ఆట ఆడుకోవచ్చు. నాలుగడుగులు వేస్తే 1568 నాటి పరదేశి ప్రార్థనాలయం. నేల మీద చైనా పలకలు, ఏ రెండూ ఒకేలా ఉండవని చెప్తారు.

లోటు ఏమిటంటే ఇక్కడ పడవ ప్రయాణం నిమిషాల్లో అయిపోతుంది. అదీ ఓడరేవు నీళ్ళ మీద. పక్కన పెద్ద ఓడలు, క్రేన్లు. కొబ్బరిచెట్ల మధ్య నెమ్మదిగా సాగే కాలువ మీ మనసులో ఉంటే ఇది ఆ కోరిక తీర్చదు. జనం కూడా ఎక్కువ.

కుట్టనాడు హౌస్‌బోట్: ఆలప్పుళ నుంచి

ఈ బోటుకి కూడా ఒక చరిత్ర ఉంది. కెట్టువళ్ళం అంటే కట్టిన పడవ. మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి కడతారు. ఒకప్పుడు కుట్టనాడు ధాన్యాన్ని మోసిన పడవలు అవి. లారీలు వచ్చాక పని పోయి, 1990ల నుంచి హౌస్‌బోట్లుగా మారాయి. కుట్టనాడు పొలాలు సముద్ర మట్టం కంటే కింద ఉంటాయి. కాలువ పైన, పొలం కింద. గట్టు మీద నిలబడితే నీళ్ళకంటే కిందుగా వరి కనిపిస్తుంది. వ్యవసాయం తెలిసిన ఇంటివాళ్ళకి ఇది ఏ కోటకీ తీసిపోని దృశ్యం.

కానీ సమయం లెక్క చూడండి. రాత్రి బస అంటే సుమారు ఇరవై ఒక్క గంటలు. అందులో బోటు కదిలేది ఆరేడు గంటలే. సాయంత్రం తర్వాత జాలర్లు వలలు వేస్తారు, అందుకే బోట్లు ఐదున్నరకల్లా ఆగాలి. ఈ నియమం సరైనదే. ఏజెంటు ముందుగా చెప్పకపోవడమే ఇబ్బంది. చాలా బోట్లలో ఏసీ రాత్రి మాత్రమే వేస్తారు, అదీ అడగండి. సీజన్‌లో రెండు గదుల బోటుకి పదివేలు దాటడం మామూలే. భోజనాలు అందులోనే.

చరిత్ర కావాలంటే బుక్ చేసేటప్పుడే రెండు పేర్లు చెప్పి రాయించుకోండి. పంపా ఒడ్డున చంపకుళం చర్చి: క్రీ.శ. 427లో మొదలైందని అక్కడి సంప్రదాయం. కరుమాడి: అక్కడ ఎడమ భాగం పోయి మిగిలిన నల్లరాతి బుద్ధుడు ఉన్నాడు. ఊరివాళ్ళు ముద్దుగా కరుమాడికుట్టన్ అంటారు, అంటే కరుమాడి పిల్లవాడు. పెద్ద బోట్లు అన్ని కాలువల్లోకీ వెళ్ళలేవు, గుర్రపు డెక్క పేరుకుంటే ఇంకా కష్టం. "చూద్దాంలే" అన్నారంటే చూపించరని అర్థం.

తక్కువ ఖర్చులో ఇదే నీళ్ళు చూడాలంటే ఆలప్పుళ నుంచి కొట్టాయం వెళ్ళే ప్రభుత్వ బోటు ఎక్కండి. రెండున్నర గంటలు. బడిపిల్లలు, కూరగాయల బుట్టలు, ఊళ్ళవాళ్ళు. నాకైతే హౌస్‌బోట్ కంటే ఇదే నచ్చింది.

కొల్లం నుంచి ఆలప్పుళ దాకా

రాష్ట్ర జలరవాణా శాఖ నడిపే ఎనిమిది గంటల బోటు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరుతుంది. అష్టముడి కాయల్‌తో మొదలై, కాలువలు, కాయంకుళం కాయల్ మీదుగా సాగుతుంది. నీళ్ళు చూడాలన్న కోరిక దీనితో పూర్తిగా తీరుతుంది. చరిత్ర మాత్రం దూరం నుంచే. కాయంకుళం దగ్గర కృష్ణపురం ప్యాలెస్‌లో గజేంద్ర మోక్షం కుడ్యచిత్రం ఉంది. తెలుగువాళ్ళకి చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన కథ. కానీ బోటు అక్కడ ఆగదు, రోడ్డు మీద వేరే వెళ్ళాలి. చిన్నపిల్లలు నాలుగు గంటలకే విసుగెత్తిపోతారు. సర్వీసు మధ్యమధ్యలో ఆపుతుంటారు కాబట్టి జెట్టీకి ఫోన్ చేయకుండా కొల్లం రైలు టికెట్టు తీసుకోకండి.

వైకం: అరపూట చాలు

తవణక్కడవు నుంచి వైకం దాకా వేంబనాడు కాయల్ దాటే బోటు ఒకటుంది, పేరు ఆదిత్య. 2017లో మొదలైన మన దేశపు మొదటి సౌరశక్తి ఫెర్రీ. డీజిల్ మోత లేకుండా నీళ్ళ మీద వెళ్తుంటే అదే కొత్తగా అనిపిస్తుంది.

అవతలి ఒడ్డున వైకం మహాదేవుడి గుడి. దాని చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు ఒకప్పుడు కొన్ని కులాలవాళ్ళకి ఉండేది కాదు. ఆ హక్కు కోసం 1924, 25లలో ఆరువందల రోజులకి పైగా సత్యాగ్రహం సాగింది. తమిళ సంఘ సంస్కర్త పెరియార్ రామస్వామి ఇక్కడ జైలుకెళ్ళారు. గాంధీ 1925 మార్చిలో ఈ జెట్టీకే బోటులో వచ్చారు. ఇప్పుడు ఎవరైనా దర్జాగా నడిచే ఆ రోడ్డు మీద పిల్లలని నడిపించి, ఎందుకు వచ్చామో చెప్పండి. టికెట్టు కొన్ని రూపాయలే.

ఒక్క చూపులో

| దారి | చూసే చరిత్ర | పడవలో గడిపే సమయం | పెద్దవాళ్ళకి | ఖర్చు |
|---|---|---|---|---|
| ముజిరిస్ | చాలా ఎక్కువ | ముక్కలుగా, మొత్తం మీద సరిపడా | ఎక్కడం దిగడం ఎక్కువ | మధ్యస్థం |
| కొచ్చి | ఎక్కువ | చాలా తక్కువ | వాటర్ మెట్రోలో సులువు | చాలా తక్కువ |
| హౌస్‌బోట్ | అడిగి రాయించుకుంటేనే | ఆరేడు గంటలు, రాత్రి బస | ఒక్కసారి ఎక్కితే చాలు | ఎక్కువ |
| కొల్లం–ఆలప్పుళ | ఒడ్డు నుంచి చూడటమే | ఎనిమిది గంటలు | కూర్చోగలిగితే పర్వాలేదు | తక్కువ |
| వైకం | ఒక్కటే, కానీ గొప్పది | కొద్ది నిమిషాలు | ఒక్కసారే ఎక్కి దిగడం | కొన్ని రూపాయలు |

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో వెళ్తూ, వాళ్ళు బాగా నడవగలిగితే ముజిరిస్సే. మూడు జెట్టీలకి మించకుండా, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. మోకాళ్ళ సమస్య ఉంటే కొచ్చి వెళ్ళి, ఫోర్ట్ కొచ్చిలో ఆటో మాట్లాడుకుని మట్టాంచేరి చూపించండి.

కొత్తగా పెళ్ళైనవాళ్ళు, చాలా రోజుల తర్వాత కలిసిన స్నేహితులు హౌస్‌బోట్ తీసుకోవచ్చు. వాళ్ళకి చరిత్ర కంటే కబుర్లకి తీరిక ముఖ్యం. ఐదారేళ్ళ పిల్లలుంటే రాత్రి బస వద్దు. రెయిలింగు పక్కన వాళ్ళని కనిపెట్టుకోవడంతోనే పెద్దవాళ్ళకి టెన్షన్. పగటి పూట షికారు చాలు. ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళకి ప్రభుత్వ బోట్లు, వాటర్ మెట్రో అన్నిటికంటే నిశ్చింత. జనం మధ్యే ఉంటాం, వేళకి దిగిపోతాం.

శబరిమల వెళ్ళొస్తూ ఒక పూట మిగిలినవాళ్ళకి వైకం సరిగ్గా సరిపోతుంది. కొట్టాయం వైపు నుంచి దగ్గర, గుడి దర్శనం కూడా అవుతుంది.

రెండు రోజులుంటే

నా సలహా ఒకటే: మొదటిరోజు ముజిరిస్, రెండోరోజు కొచ్చి. ఈ వరస మార్చకండి. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి ముజిరిస్ రేవు మేటవేసిందనీ, అదే వరద కొచ్చి దగ్గర కొత్త మొగ తెరిచిందనీ చెప్తారు. వర్తకం అటు నుంచి ఇటు జరిగింది, దాని వెంట మనుషులూ కదిలారు. సుమారు వెయ్యేళ్ళ కిందట చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి పల్లకి, గొడుగు లాంటి గౌరవాలతో 72 హక్కులిస్తూ రాగిరేకుల మీద శాసనం ఇచ్చాడు. ఇచ్చింది ముయిరిక్కోడులో, అంటే కొడుంగల్లూరులో. ఆ రేకులు చివరికి చేరింది మట్టాంచేరి ప్రార్థనాలయానికి. మొదటిరోజు పరవూరులో ఖాళీ హాలు చూసి, రెండోరోజు ఆ చైనా పలకల మీద నిలబడితే, ఆ రేకులు వచ్చిన దారిలోనే మీరూ వచ్చినట్టు.

అందుకు మంగళవారం ముజిరిస్, బుధవారం కొచ్చి పెట్టుకోండి. బుధ, గురువారాలైనా సరే. మట్టాంచేరిలో చెప్పులు విప్పాల్సి వస్తుంది, పెద్దవాళ్ళకి సులువుగా వేసుకునే చెప్పులు పెట్టండి. పరవూరు వైపు వెళ్ళే రోజు మాత్రం మంచినీళ్ళు, కాస్త తినడానికి ఇంటి నుంచో హోటల్ నుంచో కట్టించుకుని వెళ్ళండి.